చెవిన పెట్టడం, కనిపెట్టడం: తెలుగు వచన రచనలో శ్రవణం, పరిశీలన

వినడానికి తెలుగులో మూడు మెట్లున్నాయి. మాట చెవిన పడుతుంది, దాన్ని చెవిన పెడతారు, పెట్టింది చెవికెక్కుతుంది. మొదటిది యాదృచ్ఛికం, రెండోది ప్రయత్నం, మూడోది ఫలితం. చూపుకూ ఇలాంటి తరతమాలే ఉన్నాయి. ఒక వస్తువు కంట పడటం వేరు, దాన్ని చూడటం వేరు, ఇతరులు గమనించనిదాన్ని అందులో కనిపెట్టడం వేరు. రచయిత పనితనం చాలావరకు మొదటి మెట్టు నుంచి మూడో మెట్టుకు చేరే సాధన మీద ఆధారపడి ఉంటుంది. ఆధునిక తెలుగు వచనం రూపుదిద్దుకున్న తీరే ఇందుకు బలమైన నిదర్శనం. 19వ శతాబ్ది చివరి నుంచి ఈ వచనాన్ని ముందుకు నడిపినవారిలో పలువురు గ్రంథాల నుంచి ఎంత నేర్చుకున్నారో, మనుషుల నోటి నుంచీ అంత నేర్చుకున్నారు. వారిలో కొందరి కృషిని పరిశీలిస్తే ఒక సంగతి తేలుతుంది. శ్రవణం కేవలం ముడిసరుకు సేకరణ కాదు. మాట్లాడే మనిషిని తనతో సమానంగా గుర్తించడానికి రచయిత పొందే శిక్షణ అది. ఆ గుర్తింపు ఉన్నంత మేరకే రచనలో మాట పండుతుంది.

లోకవృత్తం: ప్రాచీనుల దృష్టి

రచనకు లోకపరిశీలన అవసరమన్న ఆలోచన కొత్తది కాదు. 11వ శతాబ్ది కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్యం పుట్టుకకు కావలసినవాటిని మూడుగా చెప్పాడు. సహజమైన శక్తి ఒకటి. లోకాన్ని, శాస్త్రాలను, కావ్యాలను పరిశీలించడం వల్ల కలిగే నిపుణత మరొకటి. కావ్యమర్మం తెలిసినవారి దగ్గర చేసే అభ్యాసం మూడోది. ఈ మూడూ కలిసి ఒకే హేతువు అవుతాయి తప్ప విడివిడిగా మూడు హేతువులు కావని ఆయన స్పష్టం చేశాడు. నిపుణతకు ఆధారాలు లెక్కించేటప్పుడు శాస్త్రం కంటే, కావ్యం కంటే ముందు లోకాన్ని పేర్కొన్నాడు. లోకమంటే కదిలేవీ కదలనివీ అన్నీ కలిసిన లోకవృత్తమని వివరించాడు. విద్వాంసుణ్ణి బహుశ్రుతుడు అనడంలోనూ ఈ దృష్టే ఉంది. ఆ మాటకు అర్థం చాలా విన్నవాడు అని.

తెలుగు కవులు ఈ దృష్టిని ఆచరణలో చూపారు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు వంటి జనం పాటలను పేరుపేరునా ప్రస్తావించాడు. ఆ పాటల ఉనికికి ఆ కావ్యం నేడు ముఖ్యమైన సాక్ష్యం. 16వ శతాబ్దంలో కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరు పొలాలను వర్ణిస్తూ, తలలు రెక్కల్లో దూర్చుకుని పంటకాలువల్లో నిద్రపోతున్న బాతులను చూపాడు. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన బట్టలు కాబోలని కావలివాళ్ళు వాటిని తీసి ఇవ్వడానికి రేవులోకి దిగుతారు. బాతులు పరుగు తీస్తాయి. వరిచేలు కాసే పడుచులు అది చూసి నవ్వుతారు. ఒక్క పద్యంలో పక్షి నిద్రపోయే తీరు, పిండిన బట్ట ఆకారం, కావలివాడి పని, చేనికాపరి నవ్వు ఒకదానికొకటి ముడిపడ్డాయి. ఆ పోలిక కుదరాలంటే నిద్రపోయే బాతునూ, పిండి పెట్టిన బట్టనూ రెంటినీ నిలకడగా చూసి ఉండాలి.

గిడుగు: చెవితో మొదలైన ఉద్యమం

గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) జీవితం శ్రవణానికి శాస్త్రస్థాయి కల్పించింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ ఆయన చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషకు అప్పటికి వ్యాకరణం గాని, నిఘంటువు గాని ఆధారంగా లేవు. పైగా సవర ముండా కుటుంబ భాష. తెలుగుతో దానికి పుట్టుక సంబంధం లేదు. కాబట్టి తెలుగు చెవికి ఉన్న అలవాట్లు అక్కడ పనికిరావు. ప్రతి ధ్వనినీ కొత్తగా వినాలి, విన్నదాన్ని మాట్లాడేవారితో సరిచూసుకోవాలి, తప్పు దిద్దుకోవాలి. దశాబ్దాల ఈ శ్రమ 1931లో సవర భాషా వ్యాకరణంగా, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువుగా వెలుగు చూసింది. సవర గూడేల్లో తిరిగేటప్పుడు పట్టిన మలేరియాకు వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. ఒక జాతి మాట వినడానికి ఆయన తన చెవినే మూల్యంగా చెల్లించారు.

రాతలోనూ వాడుక భాషే ఉండాలని గిడుగు నడిపిన వ్యావహారిక భాషోద్యమానికి ఈ అనుభవం పునాది అయిందని భావించవచ్చు. లిపి లేని భాషకు కూడా కట్టుదిట్టమైన నియమాలుంటాయని సవర ఆయనకు నేర్పింది. అలాంటప్పుడు లక్షలమంది రోజూ మాట్లాడే తెలుగు నియమం లేని భాష అనడం చెల్లదు. నోటి భాషను గ్రామ్యమని తోసిపుచ్చేవారికి గిడుగు ఇచ్చిన సమాధానం ఉద్వేగం మీద కాక ఆధారాల మీద నిలిచింది. శాసనాల్లోని, పాత వచన గ్రంథాల్లోని, సమకాలీన సంభాషణల్లోని ప్రయోగాలను ఆయన వరసగా చూపారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడం వెనక ఇంత శ్రమ ఉంది.

కన్యాశుల్కం: లెక్క, మాట

గిడుగు సహాధ్యాయి గురజాడ అప్పారావు (1862–1915) రాసిన కన్యాశుల్కం నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. మొదటి కూర్పుకు రాసిన ఇంగ్లీషు పీఠికలో ఆయన ఒక జాబితాను ప్రస్తావించారు. విజయనగరం మహారాజు ఆదేశంతో, మూడేళ్ళలో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాలను, అంటే డబ్బు పుచ్చుకొని ఆడపిల్లనిచ్చిన పెళ్ళిళ్ళను, లెక్కించగా 1034 తేలాయి. వాటిలో 99 మంది ఆడపిల్లలకు ఐదేళ్ళకే పెళ్ళయింది. ఏడాది వయసులో పెళ్ళయినవారూ ముగ్గురున్నారు. నాటకం వెనక ఉన్నది ఊహ మాత్రమే కాదని, లెక్కకు వచ్చిన వాస్తవమని ఈ అంకెలు చెబుతాయి.

అయితే అంకెలు నాటకం కావు. వాటిని మనుషులుగా మార్చింది మాట. అగ్నిహోత్రావధాన్లు కోపం, లుబ్ధావధాన్లు పీనాసితనం, రామప్పంతులు వ్యవహారపు డాబు, పూటకూళ్ళమ్మ తిట్టు ఎవరిది వారిదే. పేర్లు మూసిపెట్టి చదివినా ఎవరు మాట్లాడుతున్నారో పాఠకుడు పోల్చుకోగలడు. గిరీశం దగ్గర ఈ నేర్పు మరింత సూక్ష్మం. వెంకటేశంతో ఒకలా, బుచ్చమ్మతో ఇంకొకలా, అగ్నిహోత్రావధాన్లుతో మరొకలా అతని మాట మారుతుంది. ఇంగ్లీషు ఎక్కడ ఎంత కలపాలో ఎదుటి మనిషిని బట్టి నిర్ణయమవుతుంది. ఒక మనిషికి ఒకే భాష ఉండదని, ఎదుట ఎవరున్నారన్నదే మాటను మలుస్తుందని గురజాడ కనిపెట్టారు. మధురవాణిని వేశ్య అన్న ఒక్క మాటకు కుదించకుండా, అందరికంటే సూక్ష్మంగా మాట్లాడే వ్యక్తిగా నిలబెట్టడం ఈ శ్రవణం నైతిక ఫలితం.

తెలుగు చెవి పట్టుకోవలసినవి

వినాలి అని చెప్పడం సులువు. ఏం వినాలో తెలియాలి. తెలుగు నిర్మాణంలోనే రచయిత చెవికి పని పెట్టే అంశాలు కొన్నున్నాయి.

మొదటిది మాట చివర. 'వచ్చాడు' అన్న ఒక్క క్రియ చివరి అచ్చు మారగానే, లేదా చివర ఒక అక్షరం చేరగానే మనసు మారుతుంది. 'వచ్చాడా' ప్రశ్న, 'వచ్చాడో' సందేహం, 'వచ్చాడే' ఆశ్చర్యం లేదా కలవరం, 'వచ్చాడుగా' ముందే తెలిసిన సంగతి గుర్తుచేయడం, 'వచ్చాడులే' సర్దిచెప్పడం లేదా చప్పరించేయడం. 'వచ్చాడట' అనగానే ఆ వార్తకు తాను సాక్షి కానని మాట్లాడేవారు చెప్పకనే చెబుతారు. పాత్ర కళ్ళారా చూసిందా, ఇతరుల నోట విన్నదా అన్నది ఒక్క అక్షరంతో తేలిపోతుంది. భావాన్ని విశేషణాలతో వివరించే రచయిత ఈ సంపదను వాడుకోనట్టే.

రెండోది పిలుపు. నువ్వు, మీరు, తమరు. ఒరే, ఏమే, ఏమోయ్, ఏవండీ. వీటిలో ప్రతిదానికీ వయసు, వరస, కులం, హోదా, చనువు అనే కొలతలున్నాయి. పిలుపు మారిన క్షణంలో సంబంధం మారుతుంది. రోజూ 'నువ్వు' అనే మనిషి ఒక్కసారిగా 'మీరు' అంటే అది గౌరవం కాకపోవచ్చు, కోపంతో పెట్టిన దూరం కావచ్చు.

మూడోది 'మనం', 'మేము' తేడా. వినేవారిని కలుపుకొనేది మొదటిది, మినహాయించేది రెండోది. కొత్త కోడలు అత్తగారింటి గురించి 'మీ ఇల్లు' అనడం మాని 'మన ఇల్లు' అనడానికి ఎంత కాలం పట్టిందన్నది ఒక కథకు సరిపడే విషయం.

నాలుగోది జంటపదాలు, ధ్వన్యనుకరణలు. 'అన్నం గిన్నం' అన్నప్పుడు అన్నంతోపాటు వచ్చేవన్నీ అందులో చేరతాయి, ఒక్కోసారి తేలికభావమూ చేరుతుంది. ఆకుల గలగల, వాన చిటపట, అద్దం తళతళ, కన్నీళ్ళ జలజల వంటివి చెవినీ కంటినీ ఒకే మాటలో కలుపుతాయి. అరిగిపోయిన చోట ఇవి బరువు కోల్పోతాయి. సరైన చోట మాత్రం ఒక వాక్యం పని ఒక్క పదం చేస్తుంది.

ఐదోది మౌనం. ప్రశ్నకు సమాధానం బదులు మరో ప్రశ్న రావడం, మాట మార్చడం, 'ఊఁ' అని ఊరుకోవడం కూడా సంభాషణే. చెప్పనిదాన్ని వినగలిగినప్పుడే సంభాషణ రాయడం వస్తుంది.

వాకిలి, న్యాయస్థానం: ఇద్దరు శ్రోతలు

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) తూర్పు గోదావరి ప్రాంతంలోని పొలమూరులో వైదిక కుటుంబంలో పుట్టి, సంస్కృత విద్యలో పెరిగారు. ఆయన కథాభాష మాత్రం శాస్త్రగ్రంథాల నుంచి రాలేదు. అది గోదావరి ఇళ్ళలో, వాకిళ్ళలో, వంటిళ్ళలో నడిచే మాట. ఆయన కథల్లో వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ. కొన్ని కథలు దాదాపు పూర్తిగా సంభాషణగానే సాగుతాయి. ఎవరెక్కడ కూర్చున్నారో, ఎవరి మొహం ఎలా మారిందో విడిగా చెప్పనక్కరలేకుండా మాటలోనే తెలిసిపోతుంది. ముఖ్యంగా స్త్రీల మాటలోని తర్కం, ఎత్తిపొడుపు, నచ్చజెప్పే తీరు ఆ కథల్లో నిండుగా వినిపిస్తాయి. చదరంగం ఆధారంగా నడిచే వడ్లగింజలు, అత్తరు పనివాడి ఆత్మగౌరవం మీద నిలిచిన గులాబీ అత్తరు ఆయనకు విద్యల మీద, పనివాళ్ళ మీద ఉన్న శ్రద్ధకు గుర్తులు.

రావిశాస్త్రిగా పేరొందిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) విశాఖపట్నంలో న్యాయవాది. న్యాయవాదికి వినడం వృత్తి. కక్షిదారుడు చెప్పుకొనేది, సాక్షి చెప్పేది, పోలీసు రాసుకొనేది, తీర్పులో మిగిలేది ఒకే సంఘటన గురించే అయినా నాలుగు వేర్వేరు భాషలు. ఈ తేడాల్లోనే పేదవాడు ఎలా నలిగిపోతాడో ఆరు సారా కథలు చూపాయి. ఆ సంపుటిలోని మాయ కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ సుదీర్ఘంగా మాట్లాడుతుంది. చదువుకున్నవారికి తెలియని వ్యవస్థ లోతులు ఆమె నోట బయటపడతాయి. అక్కడ రచయిత ఆమె తరఫున వాదించడు, ఆమెను చివరిదాకా మాట్లాడనిస్తాడు. ఎదుటివారికి అడ్డుపడకుండా వినడం కథలో శిల్పంగా మారిన సందర్భమిది.

ప్రాంతం, వృత్తి: మాటకు ఉన్న నేల

భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంగా వ్యవసాయ పదాలను ప్రచురించింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. గ్రామాల్లో పనిచేసేవారిని అడిగి, విని, ఏ మాట ఏ ప్రాంతంలో ఉందో గుర్తిస్తూ కూర్చిన కోశమిది. వ్యవసాయ పదాల వ్యాప్తి ఆధారంగా తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా గుర్తించడం సాధ్యమైంది. ఉత్తర మండలం తెలంగాణ. దక్షిణం రాయలసీమ, నెల్లూరు, ప్రకాశం. తూర్పు శ్రీకాకుళం, విశాఖపట్నం. మధ్య మండలం గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాలు. కోస్తాలో నాగలి అయినది రాయలసీమలో మడక. 'చేస్తున్నాను' అన్నది తెలంగాణలో 'చేస్తున్న', రాయలసీమలో 'చేస్తాండా', ఉత్తరాంధ్రలో 'సేత్తన్నాను' అవుతుంది. ఇవి ఒకే మాటకు వచ్చిన వికారాలు కావు. ఒక్కొక్కటీ తన నియమం తనకున్న రూపం.

ఈ సంగతిని కథకులు అనుభవంతో గ్రహించారు. పాకాల యశోదారెడ్డి (1929–2007) పాలమూరు ప్రాంతపు బిజినేపల్లి నుంచి వచ్చిన విదుషి, విశ్వవిద్యాలయ ఆచార్యులు. ప్రాచీన కావ్యాల్లో పరిశోధన చేసిన ఆమె, మా ఊరి ముచ్చట్లు కథలను చిన్ననాట విన్న పాలమూరు మాటలో రాశారు. పాండిత్యానికీ పల్లె మాటకూ వైరం లేదని ఆ పుస్తకం రుజువు చేసింది. నామిని సుబ్రమణ్యం నాయుడు పచ్చనాకు సాక్షిగా, సినబ్బ కథలు, మిట్టూరోడి కతలు పుస్తకాల్లో చిత్తూరు జిల్లా పల్లె మాటను సంభాషణకే పరిమితం చేయలేదు, కథనమంతా అందులోనే నడిపారు. కథకుడు శిష్టభాషలో, పాత్రలు మాండలికంలో మాట్లాడితే వారి మధ్య ఒక గోడ నిలుస్తుంది. కథనం కూడా పాత్రల భాషలోనే సాగితే ఆ గోడ పడిపోతుంది.

కంటికి కనిపించని పరిశీలన

పరిశీలన అంటే రంగులు, రూపాలు వర్ణించడం మాత్రమే కాదు. ఎవరు ఎవరికి ఎంత బాకీ, ఆ బాకీ ఎలా పుట్టింది, వడ్డీ ఎలా పెరిగింది, పంట ఎక్కడికి పోతోంది అన్నవీ పరిశీలించవలసినవే. కాళీపట్నం రామారావు (1924–2021) రాసిన యజ్ఞం కథలో అప్పల్రాముడి అప్పు పంచాయితీకి వస్తుంది. ఆ తగువును ఆధారం చేసుకొని ఒక ఊరి ఆర్థిక చరిత్రంతా విచారణకు వస్తుంది. ఊరు అభివృద్ధి చెందిందని అందరూ నమ్మిన కాలంలోనే ఒక కుటుంబం ఎలా అడుగంటిందో కథ లెక్కలతో సహా చూపుతుంది. ఉత్తరాంధ్ర పల్లెల జీవితాన్ని ఎరిగిన ఉపాధ్యాయుడి చూపు అది. ఇతరుల కథలను కూడా అంతే శ్రద్ధతో సేకరించి ఆయన 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు.

విన్నది రాతలోకి వచ్చేటప్పుడు

విన్నది విన్నట్టు రాస్తే సంభాషణ అవుతుందనుకోవడం పొరపాటు. నిజమైన మాటల్లో పునరుక్తులు, సగంలో ఆగిన వాక్యాలు, అర్థం లేని ఊతపదాలు చాలా ఉంటాయి. స్వరం, చేతి కదలిక, చూపు వాటిని మోస్తాయి. కాగితం మీద ఆ ఆసరా ఉండదు. కాబట్టి రచయిత పది మాటల్లో మనిషిని పట్టిచ్చే రెండింటిని ఏరుకోవాలి, తక్కినవాటి లయను మాత్రం నిలుపుకోవాలి.

లిపి కూడా ఒక పరిమితి పెడుతుంది. కోస్తా ప్రాంతాల్లో భూతకాల క్రియల్లో వినిపించే ఆ, ఏలకు నడిమి అచ్చుకు తెలుగులో ప్రత్యేకమైన అక్షరం లేదు. అందుకే ఒకే ఉచ్చారణను కొందరు 'వచ్చాడు' అని, మరికొందరు 'వచ్చేడు' అని రాశారు. రెండో రూపం ఉత్తరాంధ్ర రచయితల పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. ప్రతి ధ్వనినీ వర్ణక్రమంలో చూపాలన్న పట్టుదల పాఠకుణ్ణి అక్షరాల దగ్గరే ఆపేస్తుంది. ఉచ్చారణ కంటే పదాల ఎంపిక, వాక్యం విరుపు, పిలుపు మనిషిని బాగా పట్టిస్తాయి.

దీనికంటే పెద్ద అపాయం మాటను వేషంగా వాడటం. తెలుగు సినిమాల్లో చాలాకాలం తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసలు హాస్యపాత్రలకో, ప్రతినాయకులకో కేటాయించినట్టు సాగాయి. యాస ఎంత సరిగ్గా పలికినా అక్కడ శ్రవణం లేదు, అనుకరణ మాత్రమే ఉంది. అనుకరణ ధ్వని దగ్గర ఆగిపోతుంది, శ్రవణం ఆ ధ్వని వెనక ఉన్న కారణం దాకా వెళ్తుంది. మనుషులు తమ కష్టం నమ్మి చెప్పినప్పుడు దాన్ని వాడుకొనే విషయంలో మర్యాద పాటించడం కూడా ఈ విద్యలో భాగమే.

సాధన క్రమం

పై ఉదాహరణల నుంచి రచయితకు అవసరమైన సాధన క్రమం కొంత స్పష్టపడుతుంది. మొదటిది తనకు అలవాటు లేని మాట వినడం. గిడుగుకు సవర చేసినట్టు, పరాయి మాట చెవిని పదును పెట్టి సొంత భాషను కొత్తగా వినిపిస్తుంది. రెండోది పేర్లు అడిగి తెలుసుకోవడం. మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి, కుమ్మరికి, రైతుకు తమ పనిముట్టులోని ప్రతి భాగానికీ ఒక పేరుంటుంది, ఆ పేరు తెలియనివారికి ఆ భాగం కనిపించనే కనిపించదు. మూడోది వెంటనే రాసిపెట్టుకోవడం. జ్ఞాపకం మాటల అర్థాన్ని దాచుకొని వరసను పారేస్తుంది, కాని మనిషి ఉండేది ఆ వరసలోనే. నాలుగోది రాసినదాన్ని పైకి చదవడం. కంటికి బాగున్న వాక్యం నోటికి అడ్డం పడితే అందులో లోపం ఉన్నట్టే. ఐదోది తిరగరాయడం. కన్యాశుల్కం రెండు కూర్పుల మధ్య 12 ఏళ్ళున్నాయి.

ఈ మెట్లన్నిటికీ ఆధారమైన గుణం ఓపిక. కనిపెట్టడం అన్న తెలుగు క్రియకు గమనించడం, కొత్తగా కనుగొనడం అన్న అర్థాలున్నాయి. 'కనిపెట్టుకుని ఉండటం' అన్నప్పుడు అది శ్రద్ధగా కాచుకుని ఉండటం, బాగోగులు చూసుకోవడం అవుతుంది. గమనిక, ఆవిష్కరణ, సంరక్షణ మూడింటినీ ఈ భాష ఒకే క్రియలో పెట్టింది. సవర గూడెంలో గిడుగు, న్యాయస్థానంలో రావిశాస్త్రి, పాలమూరు ముచ్చట్లు రాసిన యశోదారెడ్డి చేసింది ఆ మూడు పనులూ కలిసిన పనే.